ఓడ మీద గీత ఎవరు గీయాలి?

యూకేలో పిల్లల్ని బడిలో వేసిన తెలుగువాళ్లకి మొదటి సెప్టెంబర్‌లోనే ఎదురయ్యే కొత్త మాటల్లో ‘ప్లిమ్‌సోల్స్’ ఒకటి. పీఈ కిట్ జాబితాలో టీషర్టు, నిక్కరు తర్వాత ఉంటుంది. తీరా కొట్టుకెళ్లి చూస్తే మన చిన్నప్పటి కాన్వాస్ బూట్లే. నల్ల గుడ్డ, రబ్బరు అడుగు, రెండూ కలిసే చోట చుట్టూ ఒక రబ్బరు పట్టీ. ఆ పట్టీ వల్లే బూట్లకి ఆ పేరొచ్చిందంటారు. ఓడ పక్కన గీసే గీతలా ఉంటుందట. నీళ్లు ఆ పట్టీ దాటితే కాలు తడుస్తుంది. ఓడ మీద ఆ గీత దాటితే ప్రాణాలు పోతాయి.

ఆ గీతకి పేరిచ్చిన శామ్యూల్ ప్లిమ్‌సోల్ గురించే ఈసారి ఎపిసోడ్. మాట్లాడేటప్పుడు లెక్కలు చెబితే వినేవాళ్లకి తికమకగా ఉంటుందని చాలా వదిలేశాను. అవన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఎపిసోడ్ వినని వాళ్లకి కూడా అర్థమయ్యేలా మొదట్నుంచీ చెప్పుకొద్దాం.

ముందే ఒక మాట. వస్తువు ఎందుకు తేలుతుందో, ఎందుకు మునుగుతుందో మనిషికి 2,200 ఏళ్లుగా తెలుసు. అయినా ఓడలో ఇంతకంటే బరువు వేయకూడదని చట్టం పెట్టి, ఆ గీత ఎక్కడుండాలో చెప్పడానికి బ్రిటన్‌కి 1890 దాకా పట్టింది. లెక్క తెలియక అంత ఆలస్యం కాలేదు. గీత ఎవరు గీయాలన్న తగువు తెగక అయింది.

తొట్టి కథ, అసలు పుస్తకం

ఆర్కిమెడిస్ అనగానే అందరికీ స్నానాల తొట్టి గుర్తొస్తుంది. సిరక్యూజ్ రాజు హీరోకి తన కిరీటంలో కంసాలి వెండి కలిపాడేమోనని అనుమానం. సంగతి తేల్చమని ఆర్కిమెడిస్‌కి చెప్పాడు. ఆయన తొట్టిలో దిగితే నీళ్లు పొర్లాయి, ఉపాయం తట్టింది, ‘యురేకా’ అంటూ బట్టల్లేకుండా వీధిలోకి పరిగెత్తాడు. ఈ కథ ఆర్కిమెడిస్ రాసుకున్నది కాదు. ఆయన పోయిన దాదాపు రెండు వందల ఏళ్లకి విట్రూవియస్ అనే రోమన్ వాస్తు నిపుణుడు రాశాడు. 1586లో గెలీలియోకి 22 ఏళ్లప్పుడే ఈ కథ మీద అనుమానమొచ్చింది. పొర్లిన నీళ్లు కొలిచి అంత చిన్న తేడా పట్టుకోవడం కష్టం, ఆర్కిమెడిస్ అంతటివాడు ఇంత మోటు పద్ధతి వాడి ఉండడని చెప్పి, వస్తువుని నీళ్లలో వేలాడదీసి తూచే త్రాసు గురించి చిన్న వ్యాసం రాశాడు.

ఆర్కిమెడిస్ నిజంగా రాసిన పుస్తకం వేరే ఉంది. పేరు ‘తేలే వస్తువుల గురించి’. రెండు భాగాలు. దాని గ్రీకు మూలం మనకి ఒకే ఒక్క తోలు ప్రతిలో దక్కింది. 13వ శతాబ్దంలో ఎవరో ఆ తోలు మీది అక్షరాలు గీకేసి, పైన క్రైస్తవ ప్రార్థనలు రాసుకున్నారు. 1906లో హైబర్గ్ అనే డేనిష్ పండితుడు కాన్‌స్టాంటినోపుల్‌లో ఆ ప్రార్థనల కింద దాగిన పాత అక్షరాలు చదివి, అది ఆర్కిమెడిస్ రచన అని గుర్తుపట్టాడు.

మొదటి భాగంలో మనం బళ్లో బట్టీపట్టిన సూత్రం ఉంది. నీళ్లలో ముంచిన వస్తువు ఎన్ని నీళ్లని పక్కకి నెడుతుందో, ఆ నీళ్ల బరువంత బలంతో నీరు దాన్ని పైకి నెడుతుంది. టెక్స్ట్‌బుక్కులో దీన్నే ఉత్ప్లవనం అన్నారు. తాను నెట్టిన నీళ్ల బరువు తన బరువుకి సమానమయ్యేదాకా వస్తువు మునుగుతుంది, అక్కడ ఆగుతుంది. పూర్తిగా మునిగినా ఆ సమానం రాకపోతే అడుక్కి పోతుంది.

రెండో భాగం గురించి బళ్లో చెప్పరు. గిన్నెలాంటి ఆకారం నీటి మీద తేలుతూ ఒక పక్కకి ఒరిగితే మళ్లీ నిలబడుతుందా, తిరగబడుతుందా అనేది అందులో లెక్క కట్టాడు. అంటే తేలడం ఒక ప్రశ్న, ఒరిగినా తిరిగి లేవడం ఇంకో ప్రశ్న అని ఆయనకి అప్పుడే తెలుసు. మన కథంతా ఈ రెండో ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

తేలడం వేరు, తేలుతూ ఉండడం వేరు

ఇనప గుండు నీళ్లలో వేస్తే మునుగుతుంది. అంతే ఇనుముతో చేసిన మూకుడు జాగ్రత్తగా వదిలితే తేలుతుంది. ఉక్కు నీటికంటే దాదాపు 7.8 రెట్లు బరువు. అది రెండు చోట్లా మారలేదు. మూకుడు తన లోపలి ఖాళీతో కలిపి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఎక్కువ నీళ్లని పక్కకి నెడుతుంది. లక్ష టన్నుల ఓడకీ ఇదే లెక్క.

ఇదే మూకుట్లో నూనె పోసి గారె వేయండి. ముందు అడుక్కి పోతుంది. లోపలి తడి ఆవిరై ఉబ్బాక అదే పైకొస్తుంది. పిండి మారలేదు, అది ఆక్రమించే చోటు పెరిగిందంతే. గారెలు వేసేవాళ్లందరూ రోజూ ఆర్కిమెడిస్‌ని చూస్తున్నట్టే.

ఇప్పుడు ఖాళీ మూకుడిని నీళ్లతొట్టిలో వదిలి, గుప్పెడు గుప్పెడు బియ్యం వేయండి. ఒక్కో గుప్పెడికీ కాస్త కిందికి దిగుతుంది. చివరికి అంచు నీటి మట్టానికి వెంట్రుకవాసి పైన ఉంటుంది. అప్పటికీ తేలుతూనే ఉంది. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం ఏ తప్పూ లేదు. కానీ తొట్టిలో వేలు పెట్టి చిన్న అల లేపండి, పుట్టి మునిగినట్టే.

ఓడ పైతట్టు నుంచి నీటి మట్టం దాకా ఉండే ఎత్తుని ఫ్రీబోర్డు అంటారు. నీళ్లకి పైన ఉన్న ఆ భాగం మామూలప్పుడు దేన్నీ మోయదు. అది అవసరానికి దాచుకున్న డబ్బు లాంటిది. పెద్ద అల పైతట్టు మీదికొచ్చినప్పుడు, అడుగున ఎక్కడో కారుతున్నప్పుడు, ఓడ ఒక పక్కకి ఒరిగినప్పుడు ఆ భాగం నీళ్లలోకి దిగి, ఇంకొన్ని నీళ్లని పక్కకి నెట్టి, ఓడని పైకి లేపుతుంది. దాచుకున్నది లేకపోతే లేపేదీ లేదు.

మరి ఎంత దాచాలి? ఇక్కడ సైన్సు ఒక్కటే సరిపోదు. ఎంత మిగిలిస్తే ఎంత ప్రమాదమో సైన్సు చెబుతుంది. ఎంత ప్రమాదం సరేననుకోవాలో, ఎవరి ప్రాణాలతో సరేననుకోవాలో మనుషులే తేల్చుకోవాలి.

ఈ సంగతి పాతకాలం వాళ్లకీ తెలుసు. మధ్యయుగాల్లో వెనిస్ ఓడల పక్కన ఒక శిలువ గుర్తు ఉండేది, జెనోవా ఓడలకి మూడు అడ్డగీతలు. గుర్తు మునిగేలా సరుకు ఎక్కించకూడదు. తర్వాత ఆ పద్ధతులు మరుగున పడ్డాయి.

మునిగినా లాభమే

ఇక 19వ శతాబ్దపు బ్రిటన్‌కి వద్దాం. ప్రపంచం సరుకులో పెద్ద భాగం బ్రిటిష్ ఓడల మీద తిరుగుతున్న కాలం. బొగ్గు, ధాన్యం, కలప, ఇనుము. ఎన్ని టన్నులు మోస్తే అంత కిరాయి. ఒక్క అంగుళం ఎక్కువ ముంచితే ఎంత మిగులుతుందో యజమానికి బాగా తెలుసు.

ఆ అంగుళం విలువ ఎంతో ఇప్పటి ఓడతో చూద్దాం. నీటి మట్టం దగ్గర ఓడ వైశాల్యం 5,000 చదరపు మీటర్లు అనుకోండి. ఒక్క సెంటీమీటరు కిందికి దిగితే 50 ఘనపు మీటర్ల నీళ్లని అదనంగా నెడుతుంది. సముద్రపు నీరైతే అది 51 టన్నుల పైమాటే. అంటే సెంటీమీటరుకి 51 టన్నుల సరుకు, పాతిక సెంటీమీటర్లకి దాదాపు 1,280 టన్నులు. మూరలో సగం చాలు, ఇంకో లారీల బారు సరుకు పడుతుంది. అప్పటి ఓడలు ఇంతకంటే చాలా చిన్నవి, కానీ ఆశ మాత్రం ఇదే.

దీనికి బీమా తోడైంది. పాతబడ్డ ఓడని ఉన్న విలువకంటే ఎక్కువకి బీమా చేయించుకోవచ్చు. తేలి గట్టుకి చేరితే కిరాయి, మునిగితే బీమా సొమ్ము. యజమానులందరూ అలాంటివాళ్లని కాదు. మంచివాళ్లూ ఉన్నారు. అయితే మంచివాడు తక్కువ సరుకు వేస్తే, పక్కవాడు ఎక్కువ వేసి చవగ్గా మోసుకెళ్లి ఆ బేరం తన్నుకుపోతాడు. జాగ్రత్తగా ఉండేవాడికే నష్టం. ఆ పాత ఓడలకి జనం పెట్టిన పేరు ‘కాఫిన్ షిప్స్’, శవపేటిక ఓడలు. నట్టేట ముంచడం అని మనం మాటవరసకి అంటాం. ఇక్కడ అది అక్షరాలా జరిగింది.

మరి నావికులు ఎక్కకుండా ఉండొచ్చు కదా? ఒప్పందం మీద సంతకం పెట్టాక ఎక్కననడం నేరం. ఓడని చూడకముందే సంతకం పెట్టడం మామూలు. తీరా రేవుకెళ్లి అది నీళ్లలోకి ఎంత దిగిపోయి ఉందో చూసి వెనక్కి తగ్గిన వాళ్లని వందల సంఖ్యలో జైల్లో పెట్టారు. జైలా, సముద్రమా అని ఎంచుకోవాల్సిన పరిస్థితి.

నియమాలు అసలు లేవని కాదు. 1835లో లాయిడ్స్ రిజిస్టర్ ఒక లెక్క చెప్పింది. సరుకు గది లోతు అడుగుకి మూడంగుళాల చొప్పున ఫ్రీబోర్డు వదలాలి. పన్నెండడుగుల లోతుంటే మూడడుగులు పైన ఉండాలన్నమాట. అది సలహా మాత్రమే, వినకపోతే శిక్ష లేదు. 1866 జనవరిలో ఆస్ట్రేలియా బయలుదేరిన ‘లండన్’ అనే స్టీమరు బిస్కే అఖాతంలో తుఫానుకి మునిగి 220 మంది పోయారు. బతికింది 19 మంది. బరువు ఎక్కువేశారన్న మాట దేశమంతా వినిపించింది. అయినా చట్టం రాలేదు.

న్యూకాజిల్ వైపు జేమ్స్ హాల్ అనే ఓడ యజమాని అప్పటికే దీని గురించి గట్టిగా మాట్లాడుతున్నాడు. ఆయన మొదలుపెట్టినదాన్ని అందుకున్నవాడు ప్లిమ్‌సోల్.

బొగ్గు వ్యాపారి పార్లమెంటులో

శామ్యూల్ ప్లిమ్‌సోల్ 1824 ఫిబ్రవరి 10న బ్రిస్టల్లో పుట్టాడు. నావికుడు కాదు, ఓడల యజమానీ కాదు. షెఫీల్డులో గుమాస్తాగా పనిచేశాడు. లండన్ వచ్చి బొగ్గు వ్యాపారం పెట్టి దివాలా తీశాడు. కొన్నాళ్లు కూలీలుండే చవక బసలో, వారానికి కొద్ది షిల్లింగులతో బతికాడు. అక్కడ చూసిన మనుషుల్ని తర్వాత మర్చిపోలేదు. మళ్లీ నిలదొక్కుకుని 1868లో డెర్బీ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు.

1873లో ‘అవర్ సీమెన్’ అనే పుస్తకం వేశాడు. చదువుతుంటే పుస్తకంలా ఉండదు, ఎదురుగా నిలబడి మనతో వాదిస్తున్నట్టుంటుంది. ఓడల సంగతులు, ఉత్తరాలు, పోయినవాళ్ల భార్యలతో మాట్లాడినవి అన్నీ గుదిగుచ్చి పెట్టాడు. ఆవేశం ఎక్కువ. కొన్నిచోట్ల వివరాలు సరిగ్గా లేవు కూడా. ఓడల యజమానులు పరువునష్టం దావాలు వేశారు. అయినా పుస్తకం ఇంటింటికీ చేరింది. ప్రభుత్వం రాయల్ కమిషన్ వేయక తప్పలేదు.

కమిషన్ అందరికీ ఒకే గీత పెట్టాలన్న ఆలోచనని ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో వినిపించిన వాదన ఒకసారి చూడండి, మనకి బాగా తెలిసినట్టే అనిపిస్తుంది. ఓడకీ ఓడకీ ఆకారం వేరు, సరుకు వేరు, కాలం వేరు, అందరికీ ఒకే లెక్క ఎలా పెడతారు? గీత సర్కారు గీస్తే, రేపు ఓడ మునిగాక యజమాని ‘నేను మీ గీత దాటలేదుగా’ అని చేతులు దులుపుకుంటాడు. అప్పుడు బాధ్యత సర్కారు నెత్తిన పడుతుంది. విదేశీ ఓడలకి ఈ కట్టుబాటు లేదు కాబట్టి వ్యాపారం వాళ్లకి పోతుంది.

ఈ వాదనలు పూర్తిగా తెలివితక్కువవి కావు. ఓడలకి తేడాలున్నాయి, నిజమే. కానీ ఈ వాదనలన్నీ కలిసి చివరికి తేల్చిందేమిటి? ఎంత ప్రమాదం ఉండొచ్చో నిర్ణయించేది ప్రమాదంలో లేనివాడే.

1875 జూలై 22

1875లో డిజ్రేలీ ప్రభుత్వం నౌకల బిల్లు ఒకటి తెచ్చింది. జూలై 22న, సమయం లేదు, ఈ ఏడాదికి వదిలేస్తున్నామని ప్రకటించింది. చలికాలం ముందుంది. ఇప్పుడు చట్టం రాకపోతే ఈ చలికాలంలో ఇంకెందరు పోతారోనన్నది ప్లిమ్‌సోల్ బాధ.

ఆయన సభ మధ్యకొచ్చి పిడికిలి బిగించి ఊపాడు. మునిగిపోయిన ఓడల పేర్లు చదివి, వాటి యజమాని ఈ సభలో సభ్యుడేనా అని నిలదీశాడు. జనాన్ని చావుకి పంపుతున్న దుర్మార్గులని తిట్టాడు. వెనక్కి తీసుకోమని స్పీకర్ అడిగితే తీసుకోనన్నాడు. సభ నుంచి బయటికెళ్లిపోయాడు. వారం తర్వాత వచ్చి సభా మర్యాద తప్పినందుకు క్షమాపణ చెప్పాడు.

ఆ వారంలో దేశమంతా సభలు జరిగాయి. రేవు పట్టణాల్లోనే కాదు, సముద్రం చూడని ఊళ్లలో కూడా. పేపర్లన్నీ అదే రాశాయి. సమయం లేదన్న ప్రభుత్వానికి కొన్ని వారాల్లోనే సమయం దొరికింది. ప్రమాదంగా కనిపించిన ఓడని రేవులోనే ఆపే అధికారం ఇస్తూ ఒక తాత్కాలిక చట్టం చేశారు. మరుసటి ఏడాది 1876లో అసలు చట్టం వచ్చింది. బ్రిటిష్ ఓడల పక్కన ఒక గుండ్రటి గుర్తు, దాని మధ్యగా ఒక అడ్డగీత ఉండి తీరాలి.

ప్లిమ్‌సోల్ గెలిచాడనే చాలాచోట్ల రాస్తారు. కథ ఇక్కడితో ఆపేస్తే అసలు సంగతి జారిపోతుంది.

చిమ్నీ మీద గీత

1876 చట్టం ప్రకారం గీత ఉండాలి. ఎక్కడుండాలో చట్టం చెప్పలేదు. అది యజమాని ఇష్టం.

ఒక్కసారి ఆలోచించండి. గీత ఇంకో రెండడుగులు పైన వేసుకుంటే ఎవడు కాదంటాడు? వేల్స్‌లో ఒక కెప్టెన్ వెటకారంగా తన స్టీమరు పొగగొట్టం మీదే గీత వేయించాడని ఒక కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓడ పొగగొట్టం దాకా మునిగినా చట్టప్రకారం సవ్యమేనన్నమాట. ఆ కథలో నిజమెంతున్నా, చట్టంలో కంత ఎంత పెద్దదో అది చెబుతుంది. కొలబద్ద ఇచ్చి, అడుగంటే ఎంతో నువ్వే చెప్పుకోమన్నట్టుంది.

అలా పద్నాలుగేళ్లు గడిచాయి. ఈలోగా లెక్కల పని సాగింది. లాయిడ్స్ రిజిస్టర్‌లో ప్రధాన సర్వేయరు బెంజమిన్ మార్టెల్ 1880ల్లో ఫ్రీబోర్డు పట్టికలు తయారుచేశాడు. ఓడ పొడవు, లోతు, ఆకారం, పైతట్టు మీది కట్టడాలు చూసుకుని ఏ ఓడకి ఎంత వదలాలో చెప్పే పట్టికలవి. ‘ఓడకీ ఓడకీ తేడా ఉంది, ఒకే లెక్క ఎలా’ అన్న ప్రశ్నకి జవాబు అదే. తేడాలున్నాయి కాబట్టి తేడాలు కలుపుకునే లెక్క కట్టాలి, లెక్కే వద్దనకూడదు.

1890లో చట్టం మార్చారు. గీత ఎక్కడుండాలో ఇక యజమాని చెప్పడు, బోర్డ్ ఆఫ్ ట్రేడ్ నియమాల ప్రకారం వేయాలి. నా దృష్టిలో ప్లిమ్‌సోల్ గీత పుట్టింది ఆ ఏడాదే. 1876లో గీసింది సున్నా ఒక్కటే.

ఆ తర్వాత కూడా గీత కదిలింది. 1906లో లాయిడ్ జార్జ్ బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌కి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు కొత్త చట్టం వచ్చింది. బ్రిటిష్ రేవులకి వచ్చే విదేశీ ఓడలకి కూడా గీత తప్పనిసరి చేశారు. అదే సమయంలో పట్టికలు సవరించి, చాలా ఓడలు మునుపటికంటే లోతుగా మునిగేలా వీలిచ్చారు. ఓడల నిర్మాణం మెరుగైందన్నారు. నావికుల సంఘాలు గొడవ చేశాయి. ప్లిమ్‌సోల్ అప్పటికి లేడు, 1898లోనే పోయాడు. 1930లో లండన్‌లో దేశాలన్నీ కూర్చుని అంతర్జాతీయ ఒప్పందం చేసుకున్నాయి. ఇప్పుడు నడుస్తున్నది 1966 నాటి ఒప్పందం.

కాకినాడ, విశాఖ రేవుల నుంచి మనవాళ్లు రంగూన్ వెళ్లిన స్టీమర్లు కూడా చాలావరకు బ్రిటిష్ కంపెనీలవే. అక్కడ మనల్ని కోరంగీలు అనేవాళ్లు. పైతట్టు మీద మూటలతో కూర్చున్న ఆ కూలీలకి ప్లిమ్‌సోల్ పేరు తెలిసే అవకాశం లేదు. ఆయన గొడవ మొదట బ్రిటిష్ నావికుల కోసం. కానీ గీత ఒకసారి ఓడ మీదికెక్కాక లోపల ఎవరున్నారని చూడదు.

గీత చదవడం ఎలా

సౌతాంప్టన్, లివర్‌పూల్, దుబాయ్, డర్బన్, పెనాంగ్, మీరు ఏ రేవు ఊళ్లో ఉన్నా సరే, ఈసారి సరుకు ఓడ కనబడితే పక్కభాగం మధ్యలో చూడండి. 300 మిల్లీమీటర్ల వెడల్పున ఒక వలయం, దాన్ని కోస్తూ 450 మిల్లీమీటర్ల అడ్డగీత. వలయానికి అటూ ఇటూ రెండక్షరాలుంటాయి. లెక్క కట్టి గీత వేయించిన సంస్థవి అవి. ‘ఎల్ ఆర్’ అంటే లాయిడ్స్ రిజిస్టర్. భారతీయ సంస్థకి ‘ఐ ఆర్’.

పక్కనే నిచ్చెనలా ఇంకొన్ని గీతలు. ‘ఎస్’ అంటే వేసవి, ఇది వలయం మధ్యగీతకి సమానంగా ఉంటుంది. దానికి పైన ‘టీ’, ఉష్ణమండలం. కింద ‘డబ్ల్యూ’, చలికాలం. చిన్న ఓడలకి ఇంకా కింద ‘డబ్ల్యూ ఎన్ ఏ’ ఉంటుంది, చలికాలపు ఉత్తర అట్లాంటిక్. సముద్రం ఎంత కఠినంగా ఉంటే గీత అంత కిందికి, అంటే దాచుకునేది అంత ఎక్కువ. ఎస్ గీతకి టీ గీత ఎంత పైన ఉంటుందంటే, ఓడ వేసవిలో మునిగే లోతులో 48వ వంతు. ఆ లోతు 12 మీటర్లైతే 25 సెంటీమీటర్లు. డబ్ల్యూ గీత అంతే కిందికి. ఇందాకటి లెక్క గుర్తుందా? ఆ పాతిక సెంటీమీటర్లే 1,280 టన్నులు.

నిచ్చెనకి ఇంకో పక్క ‘ఎఫ్’, ‘టీ ఎఫ్’ అని ఉంటాయి. ఇవి మంచినీళ్ల గీతలు. సముద్రపు నీరు మంచినీటికంటే దాదాపు రెండున్నర శాతం బరువు. కాబట్టి అదే ఓడ, అదే సరుకు, నదిలోకి వచ్చేసరికి ఇంకాస్త దిగుతుంది. ఇందాకటి ఓడ మొత్తం బరువు 50,000 టన్నులనుకుంటే, ఉప్పునీటి నుంచి మంచినీటికి రాగానే దాదాపు 24 సెంటీమీటర్లు మునుగుతుంది. అందుకని నదిలో సరుకు వేసేటప్పుడు ఎఫ్ గీత దాకా ముంచినా తప్పు కాదు. సముద్రంలోకి వెళ్లగానే అదే పైకి లేచి ఎస్ గీత దగ్గర నిలుస్తుంది. ఉప్పునీళ్లలో కోడిగుడ్డు తేల్చి చూపించే బడి ప్రయోగం ఇదే.

నవంబర్ 30

1966 ఒప్పందంలో ప్రపంచ సముద్రాలన్నిటినీ మండలాలుగా విడగొట్టి, ఎక్కడ ఏ నెలల్లో ఏ గీత వాడాలో రాశారు. అందులో బంగాళాఖాతం గురించి ఏముందో చూసినప్పుడు నేను కాసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను.

డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా బంగాళాఖాతం ఉష్ణమండలం. ఓడ టీ గీత దాకా దిగొచ్చు. మే 1 నుంచి నవంబర్ 30 దాకా ఎస్ గీతే, అంతకు మించి దిగకూడదు.

ఆ తేదీలు కోస్తావాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మే తుఫాన్లు, తర్వాత నైరుతి, ఆ తర్వాత అక్టోబర్, నవంబర్. కోరంగిని ముంచేసిన ఉప్పెన 1839 నవంబర్ 25న. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న. కోనసీమ తుఫాను 1996 నవంబర్ 6న. హుద్‌హుద్ విశాఖని తాకింది 2014 అక్టోబర్ 12న. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఏడుస్తూ చెప్పుకునే తేదీలు ఒక అంతర్జాతీయ పట్టికలో రెండు మూడు పొడి వాక్యాలుగా కూర్చున్నాయి.

కాకినాడలో బియ్యం ఎక్కించుకుని నవంబర్ 30న బయలుదేరే ఓడ బంగాళాఖాతంలో ఉన్నంతసేపూ టీ గీత తాకకూడదు. మర్నాడైతే తాకొచ్చు. ఒక్క రోజులో సముద్రం మారిపోదు, డిసెంబర్‌లో తుఫాన్లు రావనీ కాదు. ఎక్కడో ఒక చోట గీత గీయక తప్పదు. గీసింది మాత్రం సరుకు యజమాని కాదు, కిరాయి తీసుకునేవాడు కాదు. గీతకి బలం అక్కడే ఉంది.

సముద్రం దాకా ఎందుకు

పెద్ద ఓడల సంగతి అలా ఉంచి మన నదుల మీదికి రండి. 2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర కృష్ణలో పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడి కార్తీకమాసపు యాత్రికులు పోయారు. అనుమతి లేని పడవ అనీ, పట్టేదానికంటే ఎక్కువమందిని ఎక్కించారనీ అప్పుడు వార్తలొచ్చాయి. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో లాంచీ మునిగింది. ఒక్కో ప్రమాదానికీ కారణాలు వేరు. కానీ ప్రతిసారీ తర్వాత అడిగే ప్రశ్నలు ఒకటే. ఎంతమంది ఎక్కొచ్చు, ఎవరు లెక్కపెట్టారు, ఈ వరదలో వెళ్లొద్దని ఎవరు చెప్పాలి?

జనంతో నిండిన పడవ బొగ్గు ఓడకంటే కష్టమైన లెక్క. బొగ్గు లేచి నిలబడదు, ఫొటో కోసం ఒక పక్కకి పరిగెత్తదు. మనుషులు లేచి నిలబడితే బరువు పైకి జరుగుతుంది, ఒక పక్కకి చేరితే పడవ ఒరుగుతుంది. ఒరిగాక తిరిగి లేవడమన్న ఆర్కిమెడిస్ రెండో ప్రశ్న అక్కడే వస్తుంది. నీళ్లకి పైన మిగిలిన అంచు జానెడే అయితే జవాబు దొరికేలోపు నీళ్లు లోపలికొస్తాయి. లైఫ్ జాకెట్ చేసే పని కూడా ఇదే, మనిషికి కాస్త ఫ్రీబోర్డు ఇవ్వడం.

సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు మనలో చాలామంది పాపికొండలు లాంచీ ఎక్కుతాం, కోనసీమలో పంటు దాటుతాం. ‘ఏం కాదు సార్, రోజూ ఇలాగే వెళ్తాం’ అని సరంగు అంటే అబద్ధం కాకపోవచ్చు. అంచు దాకా బియ్యం పోసిన మూకుడు కూడా అల వచ్చేదాకా రోజూ తేలుతూనే ఉంటుంది. పడవ పక్కన ఎంతమందని రాసుందో చూడండి. నీటికీ అంచుకీ మధ్య ఎంతుందో చూడండి. తక్కువనిపిస్తే తర్వాతి పడవకి ఆగుదామని ఇంట్లోవాళ్లతో అనడానికి మొహమాటపడొద్దు. 1870ల్లో అలా అన్న నావికుడికి జైలు పడేది. మనకి మహా అయితే అరగంట ఆలస్యం.

లండన్‌లో థేమ్స్ పక్కన విక్టోరియా ఎంబాంక్‌మెంట్ మీద ప్లిమ్‌సోల్ స్మారకం ఉంది. 1929లో నావికుల సంఘం కట్టించింది. ఓడల యజమానులు కాదు, ప్రభుత్వం కాదు, ఓడలెక్కిన వాళ్లు. అటువైపు వెళ్తే ఒకసారి ఆగి చూడండి.